సరంగు తాత చుట్టుదారి

మా సరంగు తాత పోయాడన్న కబురు నాకు పెళ్ళిపందిట్లో అందింది. బరంపురంలో మా పెద్దవాడి పెళ్ళి. మూడు ముళ్ళూ పడి ఇంకా గంట కాలేదు. కొంగులో చిక్కుకున్న తలంబ్రాల బియ్యం దులుపుకుంటూ తలెత్తేసరికి, గుమ్మం అవతల మా ఊరి పడవవాడొకడు తలపాగా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దుటి పాసింజరుకి వచ్చాడట. లోపలికి రమ్మంటే రాలేదు.

"అమ్మా, తాత నిన్న మాపిటేల ఎల్లిపోనాడు. శుభమైన ఏల ఈ మాట సెప్పకూడదనే అనుకున్నాను. తన పడవలో తెచ్చిన కోడలమ్మవి, నీకు సెప్పకపోతే తాత ఊరుకోడనిపించీసింది" అన్నాడు.

ఆయన చావుకి మాకు మైల లేదు. ఆయన సరంగు, పడవలు నడిపే మనిషి, మేము ఉప్పూ తాళ్ళూ వలనూలూ అమ్ముకునే కోమట్లం. అయినా వంటశాల వెనక్కి పోయి, అరిటాకుల కట్ట మీద కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆడపడుచు వెతుక్కుంటూ వచ్చి "కొడుకు పెళ్ళిలో ఏటొదినా ఈ ఏడుపు?" అంది. "పొగ" అన్నాను. పొయ్యిలు అవతలి వైపున్నాయి. అబద్ధమాడటం నాకు ఎప్పుడూ చేతకాలేదు. అందులో ఆరితేరినవాడు నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాడు.

ఆయన్ని గురించి చెప్పాలంటే మా ఊరిని గురించి చెప్పాలి. ఆ ఊరిని నాకు చూపించింది ఆయనే. నా కళ్ళతో నేను చూసింది చాలా తక్కువ.

మీలో చాలామంది మద్రాసు మెయిల్లో కలకత్తా పోతూ కిటికీలోంచి చిలికా సరస్సుని చూసే ఉంటారు. అటు కొండలు, ఇటు నీళ్ళు, మధ్యలో రైలు. "అబ్బ, ఎంత నీరు!" అనుకుని మళ్ళీ నిద్రపోయి ఉంటారు. రంభ స్టేషనులో దిగి, పడవెక్కి, ఒక పూట ప్రయాణం చేస్తే మా ఊరు. వెనక కొండ, ముందు సరస్సు. కొండకి ఆవల ఇసకదిబ్బలు, మొగలిపొదలు, ఆ పైన సముద్రం. ఓడల కాలంలో సముద్రం మీద వచ్చేవాళ్ళు ఆ కొండని చూసే దారి పట్టేవాళ్ళట. గంజాం పట్నం వెలిగిపోతున్న రోజుల్లో మా కోమటిళ్ళన్నీ అక్కడే ఉండేవి. జ్వరాలు వచ్చి పట్నం పట్నమంతా పాడుబడితే, బతికిన నాలుగిళ్ళవాళ్ళు కాలవ వెంట పడవల్లో వచ్చి ఈ ఒడ్డున దిగారు. ఆ పడవలు నడిపినవాళ్ళ మనవడికి మనవడు మా సరంగు తాత. "మిమ్మల్ని తెచ్చింది మేమే. మళ్ళీ ఎక్కడికైనా తీసికెళ్ళేదీ మేమే" అనేవాడు. అందులో గర్వమెంతో చనువూ అంతే.

మా ఊరి అసలు వింత నీటి రుచి. వానలు పడ్డాక వాగులన్నీ వచ్చి కలిస్తే సరస్సు తియ్యబడుతుంది. ఎండలు ముదిరితే సముద్రం లోపలికి తోసుకొచ్చి ఉప్పెక్కుతుంది. తాత పడవ విప్పే ముందు దోసెడు నీళ్ళు నోట పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేవాడు. "ఈయేల ఉప్పు తొందరపడుతున్నాది. దచ్చిణం గాలి లెగుస్తాది" అనేవాడు. లేచేది. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి నీళ్ళ మీద వాలితే, నీరు కనపడక పక్షులే కనపడేవి. వాటిని కాల్చడానికి దొరలు వచ్చేవాళ్ళు. తుపాకీవాళ్ళని తాత ఎక్కించుకునేవాడు గానీ, ఎందుకో ఆయన తీసుకెళ్ళిన చోట పక్షులు తక్కువగా ఉండేవి.

ఈ కథలన్నీ ఆయన ఒడ్డు మీద చెప్పేవాడు కాదు. అరుగు మీద కూర్చుని అడిగితే "నాకేటి తెలుసమ్మా, నీళ్ళోడిని" అని తప్పుకునేవాడు. చుక్కాని చేతికొస్తే నోరు విప్పేవాడు. చుక్కాని కర్రకి తన ఎర్ర తుండుగుడ్డ చుట్టి, దాని మీద మోచెయ్యి ఆన్చి, ముందు పడవలో ఉన్న ప్రతి మొహాన్నీ ఒకసారి చూసేవాడు. "సుక్కాని పట్టినోడు ముందు మనుషుల్ని సూడాల, తరవాత గాలిని" అనేది ఆయన మాట. ఆ చూపుకి కారణం నాకు చాలా ఏళ్ళదాకా తెలియలేదు.

నేను కాపురానికి వచ్చిన రోజు చెబుతాను. నాకు పదమూడేళ్ళు. మా వైపు ఆచారం ప్రకారం అత్తగారు ముందు పడవలో వెళ్ళిపోయి హారతి సిద్ధం చేసుకోవాలి. పెళ్ళికొడుకూ పెద్దలూ రెండో పడవ. కొత్తకోడలు ఆఖరు పడవ. నాకు తోడొచ్చిన ముసలి పెద్దమ్మగారు పడవ కదిలిన అయిదు నిమిషాలకే గుర్రు పెట్టేసింది. రంభ ఒడ్డున మా నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన తెల్లపంచె చిన్నదై, చిన్నదై, ఇసకలో కలిసిపోయింది.

"ఏటమ్మా, కళ్ళమ్మట ఆ నీళ్ళు?" అని వెనకనుంచి అడిగాడు తాత.

"గాలికి" అన్నాను.

"హఉ, హఉ" అన్నాడు. ఒడియావాళ్ళలాగ అవునన్నదానికి హఉ అనేవాడాయన. "ఈ గాలి అలాటిదే. కొత్తకోడళ్ళ కళ్ళలోకే కొడతాది."

ఊరు ఇంకా కనపడలేదు గానీ, నీటి నడిమధ్య ఒక రాతిగుట్ట కనపడింది. దాని మీద ముళ్ళపొద. ఆ పొద నిండా ఎరుపూ ఆకుపచ్చా నీలమూ మెరుస్తున్నాయి. పడవ దాని పక్కగా తిన్నగా పోతున్నదల్లా ఒక్కసారిగా ఎడమకి మళ్ళింది. గెడ వేసేవాడు విసుక్కున్నాడు. "తిన్నగా పోతే అయిపోద్ది కదా తాతా, ఈ సుట్టుతిరుగుడెందుకు?"

"నాకు తెల్దేటి? నువ్వు గెడెయ్యి" అన్నాడు తాత.

"అది ఏమిటి?" అని అడిగాను. ఆ రోజు నేను నోరు తెరిచి అడిగిన మొదటి మాట అదే.

"అది గాజులతిప్ప. మా ఊరి అమ్మ ఉండే సోటు. ఇంటావేటి?" అని మొదలుపెట్టాడు. "ఎనకటికి నీలాటి కోడలమ్మే ఒకర్తి పడవలో ఒస్తన్నాది. గాలొచ్చీసి పడవ ఆ రాతికి ఆనుకున్నాది. అందరూ గోల పెట్టీసినారు. ఆ పిల్ల మట్టుకు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగీసి, రాయెక్కి, నాలుగు పక్కలా సూసింది. అటు కన్నోరి ఒడ్డు. ఇటు అత్తోరి ఒడ్డు. రెండూ కనపడే సోటు ఇదొక్కటే, నేనిక్కడే ఉంటానన్నాది. మొగుడు బతిమాలినాడు, మావగోరు బతిమాలినాడు. దిగితేనా? మా ఆడోళ్ళు రోజూ కూడట్టుకెళ్ళి పెట్టీవోరు. కూడు తెచ్చినోళ్ళకి ఒక్కో గాజు తీసిచ్చీది. గాజులన్నీ అయిపోతే, అయ్యో బోసి సేతుల్తో ఉన్నాదని ఊళ్ళోవాళ్ళే గాజులట్టుకెళ్ళడం మొదలెట్టినారు. అలాగలాగ ఆ పిల్లే అమ్మయిపోనాది."

"బెంగ పెట్టుకోలేదా?"

"రెండొడ్లూ కనపడతా ఉంటే బెంగెందుకు? లెగిసి సూడు, నీకే తెలుస్తాది."

లేచి నిలబడ్డాను. వెనక రంభ కొండలు నీలంగా ఉన్నాయి. ముందు మా ఊరి కొండ, దాని కింద ఇళ్ళ పొగ. రెండూ కనపడ్డాయి. మా నాన్న ఆ నీలంలో ఎక్కడో ఉన్నాడు. ఏడుపు ఎప్పుడాగిందో నాకు గుర్తు లేదు గానీ, ఒడ్డున దిగేటప్పుడు మా అత్తగారు "పిల్ల నవ్వుతా దిగింది" అని పదిమందికీ చెప్పుకుంది.

ఆ తర్వాత నాకు బెంగేసినప్పుడల్లా పెరటి గోడ దగ్గర నిలబడి ఆ తిప్ప వైపు చూసేదాన్ని. ఆ అమ్మ కూడా ఇలాగే చూస్తూ ఉంటుందనుకునేదాన్ని. ఏటేటా జాతరకి ప్రతి ఇంటినుంచీ ఒక జత గాజులు బుట్టలో వేసి పంపుతాం. ఆ బుట్టతో అమ్మ పడవలో మగవాళ్ళే వెళతారు. బయల్దేరే ముందు, నీటికి దూరంగా, పూజారి వాళ్ళకి మాత్రమే అమ్మ కథ చదువుతాడు. ఆ పడవ చుక్కాని తాతల కాలంనుంచీ మా సరంగు తాత ఇంటిది. ఆడవాళ్ళం ఒడ్డునుంచే దండం పెట్టుకుంటాం.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. కాపురానికి వచ్చిన ఎనిమిదేళ్ళకి, పక్షుల వేటకి ఒక దొర భార్యాబిడ్డలతో మా ఊరు వస్తున్నాడని కబురొచ్చింది. దొరసానికి ఊళ్ళ కథలంటే ఇష్టమట. మా ఊరి చరిత్రా చూడదగిన వింతలూ ఒక కాగితం మీద రాసి చదివి వినిపించాలని పెద్దలు అనుకున్నారు. బడి పంతులుగారి రాత ఆయనకే తెలియదు. మా ఆయన వచ్చి "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటాది కదా, నువ్వు రాసీ" అన్నారు. ఇంకేం కావాలి నాకు? నాలుగు రోజులు వంట ఆడపడుచు మీద పడేసి, నాలుగు ఠావులు రాశాను. కొండా, ఓడలూ, పాడుబడిన గంజాం, ఉప్పుమళ్ళు, రెండు రుచుల నీళ్ళు, చలికాలపు పక్షులు, అన్నీ వచ్చాయి. అన్నిటికన్నా బాగా, కళ్ళకి కట్టినట్టుగా, గాజులతిప్ప కథ రాశాను. రాసి, నేనే చదువుకుని, నేనే మురిసిపోయాను.

పడవల రేవులో కుర్చీలు వేశారు. ఊరంతా వచ్చింది. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళం ఉప్పుకొట్టు గోడ చాటున. పంతులుగారు చదువుతుంటే దుబాసీ ఇంగ్లీషులో చెబుతున్నాడు. దొరసాని తల ఊపుతోంది. గాజులతిప్ప కథ వచ్చేసరికి మగవాళ్ళలో ఏదో కదలిక. "రెండూ కనపడే చోటు ఇదొక్కటే, నేనిక్కడే ఉంటానని ఆ పిల్ల దిగనే లేదు" అని చదివేసరికి పూజారి లేచి నిలబడ్డాడు.

"అది కాదు!" అన్నాడు.

దుబాసీ అడిగాడు, "మరేమిటి?"

పూజారి నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. మొహం ఎర్రబడింది గానీ మాట రాలేదు. పక్కనున్న మగవాళ్ళందరూ నేల చూపులు చూస్తున్నారు. సంగతేమిటంటే, మా నీళ్ళవాళ్ళలో ఒక కట్టడి ఉంది. నీటి అంచున నిలబడి మునక మాట ఎత్తకూడదు. ఎత్తితే నీరు వింటుందని వాళ్ళ భయం. దొరసాని అడుగుతోంది, దుబాసీ అడుగుతున్నాడు, ఒక్కడైనా చెప్పడు. చివరికి దొర నవ్వి, కథ బాగుందన్నాడట. దొరసాని ఆ నాలుగు ఠావులూ మడిచి తన పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

దొర వెళ్ళాక పూజారి "పైకి పదండి" అన్నాడు. నీటికి దూరంగా, వలలు ఎండేసే దిబ్బ మీదికి అందరూ వెళ్ళారు. మేమూ వెనకాలే వెళ్ళి ఉప్పుకొట్టు వెనక గోడ అవతల చెవులొగ్గాం. అక్కడ ఆ కథ నేను మొదటిసారి విన్నాను. వెనకటికి పెళ్ళిపడవ ఆ రాతికి కొట్టుకుని బోర్లపడింది. ఈదగలిగినవాళ్ళు ఈదారు. పట్టుచీర కట్టుకుని నగలు పెట్టుకున్న పెళ్ళికూతురు మునిగిపోయింది. మర్నాడు రాతి మీద దొరికినవి ఆ పిల్ల గాజులే. ఇంకో కోడల్ని కోరకుండా ఉండాలని ఊరు అప్పటినుంచీ గాజులిస్తోంది.

 ఎనిమిదేళ్ళు ఆ రాతిని చూసి ధైర్యం తెచ్చుకున్నాను!

"ఈ కోమటోరి కోడలికి అమ్మ కథ మార్చి సెప్పిందెవడు?" అన్నాడు పూజారి.

తాత తలకి చుట్టుకున్న తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేనే సెప్పినాను. కోడలమ్మ తప్పేటీ నేదు. ఆ పిల్ల ఇన్నదే రాసింది."

"అమ్మ కథ మార్చినోడు అమ్మ పడవకి సుక్కాని పడతాడా? ఈ జాతరకి సుక్కాని నీది కాదు. నీ ఇంటిదీ కాదు."

 తాత తుండుగుడ్డని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతలు పెట్టాడు. ఆయనకి ఆ చుక్కాని తప్ప ఇంకొక ఆస్తి లేదు. నేను గోడ చాటునుంచి బయటికి రావాలి, ఏదో ఒకటి అనాలి. మా ఆయన నా వైపు చూసి కళ్ళతోనే వద్దన్నారు. నిలబడిపోయాను. ఇన్నేళ్ళయినా ఆ నిలబడిపోవడం నాకు సిగ్గుగానే ఉంది. రాయడానికి ఉన్న ధైర్యం నోటికి లేకపోయింది.

నా పక్కనుంచి మా అత్తగారు కదిలింది. గడప దాటి గట్టిగా మాట్లాడటం ఎరగని మనిషి. పైటకొంగు భుజం నిండా కప్పుకుని, మగవాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళి పూజారి ఎదట నిలబడింది.

"నాకూ అదే సెప్పినాడు" అంది.

"ఏటమ్మా?"

"అప్పటికి రైలు నేదు. గంజాంనుంచి కాలవలో ఒచ్చి ఈ నీట్లో పడ్డాం. నాకు పదేళ్ళు. ఈ సరంగు సేతికి అప్పుడే సుక్కానొచ్చింది, మీసం కూడా సరిగా నేదు. నేను ఏడుస్తన్నాను. ఆ రాయి సూపించి ఈ కథే సెప్పినాడు. నాకొక్కద్దానికే సెప్పినాడనుకున్నాను ఇన్నాళ్ళూ."

వెనకనుంచి ఒక చేపలమ్మే ఆవిడ అంది, "నాకూ ఇదే సెప్పినాడు." ఆవిడ పక్కనున్న గానుగోళ్ళ కోడలు "నాకూనూ" అంది. ఇంకొకర్తి, ఇంకొకర్తి. బయటి ఊళ్ళనుంచి పడవెక్కి వచ్చిన కోడళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. ప్రతివాళ్ళూ ఆ కథ తమ ఒక్కరిదే అనుకుని, అందుకే ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారు. ఆఖరికి పూజారి పెళ్ళాం చంటిపిల్లని చంక మార్చుకుని "మరి నాకూ సెప్పినాడు" అంది. పూజారి తల తిప్పి ఆవిడ వైపు చూసిన చూపు నేను బతికి ఉన్నన్నాళ్ళూ మరిచిపోను.

మా అత్తగారు ఊరుకోలేదు. "సుక్కాని ఆయన పట్టుకోకపోతే మా ఇంట్లోంచి గాజు కదల్దు. బుట్ట కాళీగా అట్టుకెళ్ళి అమ్మకేటి సెప్పుకుంటావో సెప్పుకో." అందరూ తలలూపారు. పూజారి కాసేపు కొండ వైపు చూశాడు, కాసేపు పెళ్ళాం వైపు చూశాడు. "హఉ" అని, వలల మీదుగా కాళ్ళెత్తి వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ జాతరకి బుట్ట ఎప్పుడూ నిండనంత నిండింది. చుక్కాని ఎవరు పట్టారో చెప్పక్కరలేదు.

అందరూ క్షమించినా నేను రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. అబద్ధం చెప్పాడని కాదు. నాకొక్కదానికే చెప్పలేదని! మనిషి బుద్ధి ఎంత చిన్నదో చూడండి. మా అమ్మని చూడ్డానికి బరంపురం వెళ్ళి తిరిగొస్తుంటే, రంభ రేవులో ఆయన పడవే ఉంది, ఎక్కక తప్పలేదు. తిప్ప దగ్గరికి వచ్చేసరికి పడవ ఎడమకి మళ్ళింది.

"ఇప్పుడు నాకు నిజం తెలుసు కదా. ఇంకా ఈ చుట్టుదారెందుకు?" అన్నాను మొహం ముడుచుకుని.

ఆయన చుక్కాని తిప్పి, మొదటిసారిగా ఆ రాయి కుడిపక్కగా పోనిచ్చాడు. నీటి అడుగున, నల్లగా, నాచుపట్టి, ఒక పెద్ద పడవ వెన్నుకర్రా పక్కటెముకలూ కనపడ్డాయి. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు పైకే తేలి ఉంటాయట. ఆయన నడిపిన ఇన్నేళ్ళలో ఒక్క కొత్తకోడలు కూడా ఆ కర్రలు చూడలేదు.

"మీ అత్త ఈ పడవ అంచు పట్టుకున్న పట్టు నాకింకా కళ్ళలోనే ఉన్నాది" అన్నాడు ఆయన. "సిన్నపిల్ల. ఆ రాయేటని అడిగింది. ఉన్నది సెప్పానంటే అక్కడికక్కడే గుండాగిపోయీది. నోటికొచ్చింది సెప్పీసినాను. ఊరుకుంది. ఆ తరవాత ఎవులడిగితే ఆళ్ళకి అదే సెప్పినాను. పడవలో కూకున్న పిల్ల ముందు ధైర్నంగా ఒడ్డెక్కాల. నిజం ఎక్కడికి పోద్ది? ఒడ్డునే ఉంటాది, నెమ్మదిగా తెలుస్తాది."

"అమ్మవారికి కోపం రాదూ?"

"ఎందుకొస్తాది? నేను ఆ పిల్లని బతికించాను గానీ సంపనేదు కదా!"

  మొగలి పూసే కాలంలో, ఏటా పెట్టినట్టే ఆ ఏడు కూడా, మొదటి మొగలిపువ్వు మా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. నేను మాట్లాడని రెండు నెలలూ కూడా ఏదో ఒక పువ్వు పెడుతూనే ఉన్నాడని మా అత్తగారు చెప్పింది. దేవుడి దగ్గర పువ్వు ఎక్కడిదో నేనే చూసుకోలేదు.

ఏళ్ళు గడిచాయి. మా అత్తగారు పోయింది. తాతకి చూపు తగ్గింది. చుక్కాని మనవడి చేతికి వెళ్ళింది. ఆ మనవడు మంచి పడవవాడే గానీ మాట పలుకు తక్కువ. పొద్దున్నించి సాయంత్రం దాకా పడవలో కూర్చున్నా నాలుగు మాటలు రాలవు. తాత రేవులో నులకమంచం వేయించుకుని, ఎవరైనా పడవ విప్పేముందు దోసెడు నీళ్ళు తెప్పించుకుని రుచి చూసేవాడు. గంజాం జిల్లా మద్రాసులో ఉంటుందా, ఒరిస్సాలో కలుస్తుందా అని బరంపురంలో సభల మీద సభలు జరుగుతున్నాయని మా ఆయన పత్రిక చదివి చెబితే, "ఎందులో కలిపినా నీళ్ళు రెండు రుచులే కదా బాబూ" అని పుక్కిలించి ఉమ్మాడు.

పోయిన నెల పెళ్ళికి బయల్దేరుతూ ఆయన దగ్గరికి వెళ్ళాను. మంచంమీంచి లేవలేకుండా ఉన్నాడు. నా చెయ్యి తడిమి గాజులు లెక్కపెట్టినట్టు వేళ్ళతో తిప్పాడు.

"కొత్తకోడలు ఏ ఏల ఒస్తాది?"

"మధ్యాహ్నం గాలికి తాతా."

"హఉ. నేనే తెస్తాను" అన్నాడు.

చుక్కాని పట్టుకోవడం కాదు, గ్లాసు పట్టుకునే ఓపిక లేదు ఆయనకి. మనవడు నా వైపు చూశాడు. నేను "నువ్వే తేవాలి తాతా" అన్నాను. మేమిద్దరం ఒకరికొకరు చెప్పుకున్న ఆఖరి మాటలు అవి.

మొన్న రంభలో దిగాం. అత్తగారిని కనక నేను ముందు పడవలో వెళ్ళి హారతి చూసుకోవాలి. ఆడపడుచుని పంపించేసి, కోడలి పడవ ఎక్కాను. ఇదెక్కడి చోద్యమని పెద్దలు గొణిగారు. గొణగనీ అనుకున్నాను. చుక్కాని దగ్గర మనవడు తల గొరిగించుకుని కూర్చున్నాడు. కర్రకి ఆ ఎర్ర తుండుగుడ్డే చుట్టి ఉంది.

నా కోడలు బరంపురంలో బళ్ళో చదువుకున్న పిల్ల. ఇంగ్లీషు కూడా వచ్చు. ఈ కాలపు పిల్లకి కట్టుకథలెందుకు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని దారంతా రైల్లో అనుకుంటూనే వచ్చాను. తాతతో పాటే ఆ కథ కూడా పోయింది, పోనీ, నిజం ఎప్పటికైనా మంచిదే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పడవ కదిలింది. ఒడ్డు మీద వాళ్ళ నాన్న పంచె చిన్నదవుతోంది. పిల్ల చెంపలు తడిశాయి.

"ఏమ్మా?" అన్నాను.

"గాలికి అత్తయ్యా" అంది.

తిప్ప కనపడింది. పొద నిండా గాజులు ఎండకి మెరుస్తున్నాయి. ఎండాకాలం. నీరు తగ్గి ఉంది. కుడిపక్క ఆ కర్రలు పైకి తేలే ఉంటాయి.  నేను మనవడి వైపు తిరగలేదు, ఏమీ చెప్పలేదు. చెప్పాలో వద్దో తేలలేదు నాకు.

పడవ దానంతటదే అన్నట్టుగా ఎడమకి మళ్ళింది.

"తిన్నగా పోతే అయిపోద్ది కదన్నా" అన్నాడు గెడవాడు.

"నాకు తెల్దేటి? గెడెయ్యి" అన్నాడు మనవడు. ఆ రోజు వాడు మాట్లాడింది ఆ ఒక్క మాటే. చూపు మాత్రం నీటి మీదనుంచి తీయలేదు.

"అదేమిటత్తయ్యా?" అని అడిగింది నా కోడలు.

"అది గాజులతిప్ప. మన ఊరి అమ్మ ఉండే చోటు" అన్నాను. తాత లాగే మొదలుపెట్టాను. వెనకటికి నీలాంటి కోడలే ఒకర్తి పడవలో వస్తోంది... ఒక్క మాట మార్చలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను. "లేచి చూడు, నీకే తెలుస్తుంది" అన్నాను.

పిల్ల లేచింది. పడవ ఊగుతుంటే నేను తన నడుం పట్టుకున్నాను. ఒక చేత్తో చెంపలు తుడుచుకుని, వెనక నీలంగా ఉన్న రంభ కొండల్ని చూసింది, ముందు మా ఊరి పొగని చూసింది. గాలికి ముళ్ళపొద మీది గాజులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి. పడవ వాటి చుట్టూ, ఎడమపక్కగా, నెమ్మదిగా తిరుగుతోంది.